ఎడమ ఖాళీ, కుడి ఖాళీ

మా ఆయన కూలిపోయినప్పుడల్లా తప్పు ఆటదే. ఆ వేసవిలో నెలకు పైగా ఆయన రోజుకు ఏడెనిమిదిసార్లు కూలిపోయారు, మా ముందుగదిలో, కిటికీ పక్కన బల్ల మీద పెట్టిన పెద్ద కంప్యూటర్ తెరలో. కూలిన ప్రతిసారీ విమానం నడిపే ఆ జాయ్‌స్టిక్ కర్రను విసురుగా వదిలేసి, "ఇదేం ఆటయ్యా! వాడు వచ్చి కాల్చేదాకా కనబడకపోతే ఎలా? నిజంగా ఆకాశంలో ఇలా ఉండదు!" అని అరిచేవారు. పక్కన కుర్చీ అంచు మీద కూర్చున్న మా అల్లుడు, "అవునండీ మామయ్యగారూ, సరిచేస్తాను" అనేవాడు. అవతలి మూల కుట్టుమిషను ముందు నేను. స్కూళ్లు తెరిచేలోగా నాలుగు వందల జతల యూనిఫారాలు కుట్టి అప్పజెప్పాలి. వాళ్లిద్దరి గోలలో నేను ఎన్ని కాలర్లు తిరగేసి కుట్టానో ఆ దేవుడికే తెలియాలి.

అల్లుడు మా ఇంట్లో ఎందుకున్నాడంటే, వాళ్ల ఫ్లాటు పైకప్పు బాగుచేయిస్తున్నారు. మా అమ్మాయి ట్రైనింగని ఎక్కడికో వెళ్లింది. పాపం ఒక్కడే దుమ్ములో ఏం ఉంటాడులే అని నేనే పిలిచాను. అతను బట్టల సంచి ఒక చేత్తో, తలుపంత తెర ఇంకో చేత్తో పట్టుకుని దిగాడు. యుద్ధ విమానాల ఆటలు తయారుచేసే కంపెనీలో అతని ఉద్యోగం. అందులోనూ ఒకే ఒక్క పని: దూరాన ఉన్న శత్రువు విమానం తెర మీద ఎలా కనబడాలో చూడటం. అలాంటి పనికి కూడా మనిషిని పెట్టుకుంటారని నాకు అప్పుడే తెలిసింది.

మా ఆయన ఇరవై రెండేళ్లు యుద్ధ విమానాలు నడిపారు. అక్కడ ఆయన్ని 'డేగ' అనేవారట. యుద్ధంలో ఒకరోజు నాలుగు శత్రు విమానాలను అందరికంటే ముందు చూసి చెప్పింది ఈయనేనట. ఆ నాలుగింటి కథ నేను పెళ్లయిన వారంలో విన్నాను, ఆ తర్వాత వచ్చిన ప్రతి చుట్టంతోపాటూ మళ్లీ మళ్లీ విన్నాను. అలాంటి మామ, అలాంటి అల్లుడు ఒకచోట చేరితే ఇంకేముంది. వాళ్లకు అన్నం అక్కర్లేదు, నిద్ర అక్కర్లేదు.

నా బాధ మాత్రం వేరే. ఆయన కళ్ల మీద నాకు అనుమానం పుట్టి అప్పటికి ఆరు నెలలు. స్కూటరు గేటు స్తంభానికి రెండుసార్లు రాసుకుంది, రెండుసార్లూ ఎడమవైపే. బల్ల మీద ఎడమ మోచేతి పక్కన మంచినీళ్లు పెట్టి, "నీళ్లేవీ?" అని అరిపించుకోవడం కొన్నాళ్లు రోజూ ఉన్నదే. డాక్టరుకు చూపించుకుందాం రండి అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. ఆయనకు చీమ కుట్టినట్టు కూడా లేదు. పైగా నా దగ్గరికి వచ్చి, సూది అందుకుని, దారం కొస నాలికతో తడిపి, ఒక్క దెబ్బకు ఎక్కించి నా చేతిలో పెట్టేవారు.

"ఇప్పుడు చెప్పు. కళ్ల డాక్టరు ఎవరికి కావాలి? నీకా, నాకా?"

ఏం చెప్పమంటారు? నిజంగానే నేను మూడుసార్లు ప్రయత్నిస్తే గానీ ఎక్కించలేను. అమ్మాయికి ఫోన్ చేస్తే, "నాన్న సంగతి తెలిసిందేగా అమ్మా, నువ్వే ఎలాగో ఒప్పించు" అంది. ఎలాగో అన్న ఆ మాట ఒక్కటి ఆ ఇంట్లో నా వంతుకు మిగిలింది.

మొదటి వారంలో ఆయన అల్లుడికి పాఠం చెప్పారు. నేను బొత్తాలు కుడుతూ విన్నాను.

"ఆకాశాన్నంతా ఒక్కసారి చూడకూడదయ్యా. చూస్తే ఏమీ కనబడదు. ముక్కలు చేసుకోవాలి. ఒక ముక్క దగ్గర కన్ను ఆపాలి, తర్వాత పక్క ముక్క. ఇంకో సంగతి. ఖాళీ నీలంలో దేన్ని పట్టుకోవాలో తెలియక కన్ను దగ్గరికే చూస్తూ ఉండిపోతుంది. అందుకని ముందు దూరంగా ఏ మబ్బునో, కొండనో చూసి, కన్నును అంత దూరం పంపించి, అప్పుడు వెతకాలి."

"మరి అంత దూరంలో విమానం ఎంత సైజులో కనబడుతుందండీ?" అల్లుడు పుస్తకంలో రాసుకుంటున్నాడు.

"సైజేంటయ్యా నీ మొహం! రెక్క తిప్పినప్పుడు ఎండ తగిలి తళుక్కుమంటుంది. లేదా కదలిక. అదీ సూటిగా చూస్తే కాదు, కంటి కొసకు తెలుస్తుంది. ముందున్నవాడి మీద కన్ను, మిగతా ఆకాశం మీద కంటి కొస. మేం బతికి బయటపడింది అలాగే."

"తెర మీద అదే కష్టమండీ. ఐదారు మైళ్ల దూరంలో విమానమంటే మాకు దొరికేది ఒకటో రెండో చుక్కలు. చిన్నవి చేస్తే ఎవరికీ కనబడవు, పెద్దవి చేస్తే ఆటలో మజా పోతుంది. కొన్ని ఆటల్లో అయితే విమానం పక్కన ఎర్ర అక్షరాలతో పేరు రాసేస్తారు."

"పేరా! శత్రువు మెళ్లో బోర్డు తగిలించుకుని వస్తాడా?"

ఆ మాటకు నేను కూడా నవ్వాను. అబద్ధమెందుకు, మొదట్లో వాళ్లను చూస్తే ముచ్చటగానే ఉండేది. ఆయన పదేళ్లు చిన్నవారైపోయారు. పొద్దున్నే గడ్డం గీసుకుని, చొక్కా టక్ చేసుకుని మరీ ఆ కుర్చీలో కూర్చునేవారు. కూర్చుని కూలిపోయేవారు. ఆయన కూలినప్పుడల్లా అల్లుడు చుక్కను కొంచెం పెంచేవాడు, కొంచెం నల్లగా చేసేవాడు. మర్నాడు ఆయన మళ్లీ కూలిపోయేవారు.

మూడో వారంలో అనుకుంటాను, మొదటి విడత యూనిఫారాలు స్కూటరు మీద స్కూలుకు తీసుకెళ్తున్నాం. ముందు ఒక మూట, నా ఒళ్లో ఒక మూట. ఎడమపక్క సందులోంచి సైకిల్ మీద పాలాయన వస్తున్నాడు. తాపీగా, బెల్లు కొట్టుకుంటూనే వస్తున్నాడు. వెనక కూర్చున్న నాకు కనబడుతున్నాడు. ఈయనకూ కనబడుతున్నాడనే అనుకున్నాను. స్కూటరు ఏమాత్రం నెమ్మదించకపోయేసరికి, "ఏమండీ!" అని కేక పెట్టాను. అప్పటికే ఆలస్యమైంది. పాలాయన ఒకవైపు, క్యానులు ఇంకోవైపు, నా తెల్ల చొక్కాలు పాల బురదలో. దేవుడి దయవల్ల ఎవరికీ ఎముక విరగలేదు. పాలాయన మోచెయ్యి గీరుకుపోయింది.

"వీడు గాల్లోంచి ఊడిపడ్డాడు!" అన్నారు ఈయన, లేచి ప్యాంటు దులుపుకుంటూ.

నాకు ఒళ్లు మండిపోయింది. "గాల్లోంచి ఊడిపడేవాణ్ణి చూడటమేగా ఇరవై రెండేళ్లు మీరు చేసిన ఉద్యోగం!"

పాలాయన ఆ నొప్పిలో కూడా నా వంక వింతగా చూశాడు. ఇంటికొచ్చి ముప్పై చొక్కాలు మళ్లీ ఉతికి ఇస్త్రీ చేశాను. డాక్టరన్న మాట ఎత్తితే ఆయన ఒంటికాలి మీద లేచారు. "సైకిల్ వాడికి బుద్ధి లేకపోతే నా కళ్లకు మందేస్తావా?" అన్నారు. సాయంత్రం నాకు రెండు సూదులకు దారం ఎక్కించి పెట్టారు. అది క్షమాపణో, వాదనో నాకు అర్థం కాలేదు.

ఇంకో పది రోజులకు అల్లుడి మొహం వాడిపోయింది. ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తున్నప్పుడు ముందుగదిలో ఒక్కడే కూర్చుని తల పట్టుకున్నాడు. ఏమైంది బాబూ అంటే, ఆట బయటికి వెళ్లేముందు కొందరితో ఆడించి చూస్తారట, వాళ్లు దుమ్మెత్తిపోశారట. ఫోన్లో చదివి వినిపించాడు. ఇవి విమానాలా, గుమ్మడికాయలా అని ఒకడు. మా నాయనమ్మ కళ్లజోడు లేకుండా నాలుగింటిని కూల్చిందని ఇంకొకడు. పై అధికారి కూడా ఫోన్ చేసి కడిగేశాడట.

"మరి అంతంత పెద్దవి ఎందుకు చేశారు?"

"మామయ్యగారికి కనబడటం లేదన్నారు కదండీ."

"మీకు కనబడ్డాయా?"

అతను ఫోన్ బోర్లా పెట్టాడు. "మొదటి రోజు నుంచీ కనబడ్డాయి."

"ఆ ముక్క ఆయనతో అనలేకపోయారా?"

"ఆయన నిజం విమానం నడిపారు అత్తయ్యగారూ. నేను ఆటలో తప్ప ఎక్కడా ఎగరలేదు. ఆయన కనబడలేదంటే నా లెక్కలోనే తప్పుందనుకున్నాను. పైగా మామగారితో, 'అదిగో అక్కడే ఉందిగా' అని ఎలా అంటాను?"

అని ఊరుకోకుండా తెర మీద ఒక బొమ్మ తెరిచాడు. ఆయన ఆడిన ప్రతి ఆటా ఆ యంత్రం రాసిపెట్టుకుంటుందట. ఆయన చూసి పట్టుకున్న విమానాలు పచ్చ చుక్కలు, ఆయన చూడకుండానే వచ్చి ఆయన్ని కూల్చినవి ఎర్ర చుక్కలు. మధ్యలోనూ, కుడివైపూ అంతా పచ్చగా ఉంది. ఎడమవైపు, అందులోనూ పైభాగంలో, ఒక్క పచ్చ చుక్క లేదు.

"ఇది చూసే నేను మానిటర్ ఎడమవైపు పాడైందనుకున్నాను. రెండుసార్లు మార్చాను" అన్నాడు.

నేను నెత్తి కొట్టుకున్నాను. నిజంగానే, ఠపీమని వినబడేలా కొట్టుకున్నాను. "చుక్క మార్చారు, రంగు మార్చారు, తెర మార్చారు. చూసే మనిషి సంగతేమిటని ఒక్కసారైనా అనిపించలేదా బాబూ? ఇంత చదువూ చదివి!"

అల్లుడు తల దించుకున్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి కూడా. అప్పుడు నాకు సిగ్గేసింది. అతన్ని అనడానికి నాకు నోరుంది గానీ, నేను చేసిందేమిటి? నీళ్ల గ్లాసు ఆయనకు కుడిపక్కన పెట్టడం ఎప్పుడో మొదలుపెట్టాను. మాట్లాడాలంటే కుడివైపుకు వెళ్లి నిలబడటం అలవాటు చేసుకున్నాను. ఆయన అరవకుండా ఉంటే చాలనుకున్నాను. అల్లుడు తెరలో చేసిన పనే నేను ఇల్లంతా చేశాను, ఆరు నెలలపాటు.

"ఇప్పుడేం చేద్దాం అత్తయ్యగారూ?"

"నేను చెబితే వినరు. మీరు చెప్పలేరు. ఆయన తన మాట తప్ప ఇంకొకరి మాట వినరు" అన్నాను.

అల్లుడు ఆ బొమ్మలో ఎడమవైపు పై మూలను వేలితో తడిమాడు. తర్వాత లేచి తలుపు దగ్గరగా వేసి పని మొదలుపెట్టాడు.

మర్నాడు పొద్దున పది గంటలకు ఆయన టీ తాగి కుర్చీలో కూర్చున్నారు. "ఏమయ్యా, ఇవ్వాళ ఏం మార్చావ్?"

"ముందు ఒక విమానం వెళ్తుంటుందండీ. దాన్ని వదలకుండా వెంటపడండి. ఇంకెవరైనా వస్తే చెప్పండి, అంతే" అన్నాడు అల్లుడు.

నేను మిషను ముందు కూర్చుని, సూది కింద గుడ్డ లేకుండా ఊరికే తొక్కుతున్నాను. నా చోటు నుంచి తెర బాగా కనబడుతుంది. నీలం ఆకాశం, మధ్యలో ఒక విమానం. కాసేపటికి ఎడమవైపు పై మూలలో చిన్న చుక్క. అది బియ్యపు గింజంత అయింది. నిమ్మకాయంత అయింది. రెక్కలు కనబడ్డాయి, రెక్కల మీద గుర్తులు కనబడ్డాయి. జన్మలో విమానం ఎక్కని నేను అక్కడి నుంచే దాని రంగు చెప్పగలను. ఆయన వెన్ను నిటారుగా పెట్టి కర్రను మునివేళ్లతో పట్టుకున్నారు. చూపు ముందున్న విమానం మీదే ఉంది.

"ఒక్కడే" అన్నారు. "ఎడమ ఖాళీ, కుడి ఖాళీ."

ఆ గొంతు నాకు కొత్త. అరుపు లేదు, విసుగు లేదు. ఇంట్లో నేను ఎన్నడూ వినని గొంతు అది, పైన ఆకాశంలో తోటివాళ్లతో మాట్లాడిన గొంతు కాబోలు. ఆ గొంతును నమ్మి ఎంతమంది ఎగిరి ఉంటారో! నా కాలు దానంతటదే ఆగిపోయింది.

మిషను ఆగేసరికి, "ఏమైంది?" అన్నారు ఆయన. తల మొత్తం ఎడమవైపు తిప్పారు. అల్లుడు ఏదో మీట నొక్కి ఆటను ఆపేశాడు. ఆ విమానం మూలంతా నిండిపోయి ఉంది.

"ఎంతసేపటి నుంచి ఉందది?"

అవునండీ అనడం తప్ప ఇంకేమీ తెలియని మా అల్లుడు నోరు విప్పాడు. "మొదటి నుంచీ ఉంది మామయ్యగారూ. ఆటలో తప్పేమీ లేదు."

ఆయన మొహం ముందుకు తిప్పుకున్నారు. మళ్లీ ఎడమకు తిప్పారు. మళ్లీ ముందుకు. అలా నాలుగైదుసార్లు, మెల్లగా, ఎవరితోనూ పని లేనట్టు. ఆ తర్వాత కర్రను శబ్దం కాకుండా బల్ల మీద పెట్టి, నా వైపు తిరిగారు.

"ఆ కళ్ల డాక్టరు ఎన్నింటికి వస్తారు?"

ఆ మాట కోసం నేను ఇరవై పోట్లాటలు సిద్ధం చేసి పెట్టుకున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు. "పదకొండింటికి" అన్నాను.

స్కూటరు తాళం అడగలేదు. ముగ్గురం ఆటోలో వెళ్లాం. డాక్టరమ్మ కంట్లో చుక్కలు వేసి, ఏవేవో దీపాలతో చూసి, కాగితం మీద రాస్తూ చెప్పింది. కంటి లోపల ఒత్తిడి పెరిగిందట. నొప్పి ఉండదు కాబట్టి తెలియదట. ఎడమ కన్ను చాలావరకు పోయింది, నడిమి భాగం మాత్రం మిగిలింది. కుడి కంట్లో కూడా ముక్కువైపు, అంటే ఎడమపక్కే, మొదలైంది.

"నేను సూదిలో దారం ఎక్కిస్తున్నానండీ" అన్నారు ఈయన.

"ఎక్కిస్తారండీ. అది నడిమి చూపు పని. మీకు పోయింది చుట్టూ ఉండే చూపు." ఆవిడ కలం పెట్టేసింది. "పోయింది తిరిగి రాదు. మిగిలినదాన్ని మందుతో నిలబెట్టుకుందాం. అసలు ఎంత మిగిలిందో ముందు లెక్క తేలాలి. పక్కగదిలో పరీక్ష చేస్తారు, వెళ్లండి."

పక్కగదిలో బోర్లించిన పెద్ద తెల్ల గిన్నెలాంటి యంత్రం. దానిలోకి మొహం పెట్టి కూర్చోవాలి. పరీక్ష చేసే అమ్మాయి ఆయన చేతికి ఒక మీట ఇచ్చింది. "మధ్యలో పచ్చ దీపం మీదే కన్ను ఉంచండి పెద్దాయనా. చుట్టూ ఎక్కడ చుక్క వెలిగినా నొక్కండి. కనబడకపోతే నొక్కకండి." నన్నూ అల్లుణ్ణీ గుమ్మానికి కట్టిన గుడ్డ తెర బయట బెంచీ మీద కూర్చోమంది.

చీకట్లో యంత్రం చిన్నగా కిర్రుమనేది. వెంటనే మీట టిక్కుమనేది. కిర్రు, టిక్కు. కిర్రు, టిక్కు. ఒక్కటి కూడా తప్పడం లేదు. అల్లుడు నా వైపు చూసి నవ్వబోయాడు. నేను కూడా పొంగిపోయాను, డాక్టరమ్మే పొరబడిందేమో అనుకున్నాను. ఇంతలో ఆ అమ్మాయి ఆపేసింది.

"పెద్దాయనా, మీరు శబ్దం విని నొక్కుతున్నారు. చుక్క వెయ్యకుండా ఊరికే శబ్దం చేసినా నొక్కారు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తెర లాగేసి లోపలికి వెళ్లాను. "ఏమండీ! ఇక్కడ కూడానా? కనబడనివాణ్ణి కనబడ్డాడని పైన ఆకాశంలో మీవాళ్లకు ఇలాగే చెప్పేవారా? ఎవరిని మోసం చేస్తున్నారు? ఆ మందు నా కళ్లల్లో వెయ్యరు, మీ కళ్లల్లోనే వేస్తారు!"

ఆ అమ్మాయి బిత్తరపోయింది. ఆయన గిన్నెలోంచి మొహం తీయలేదు. "మళ్లీ పెట్టమ్మా, సరిగ్గా చేస్తాను" అన్నారు.

నేను బయటికి వచ్చి కూర్చున్నాను. కుడి కన్నుకు కిర్రుమన్న నాలుగైదుసార్లలో ఒకసారి టిక్కు తప్పింది. ఫరవాలేదనుకున్నాను. తర్వాత ఆ అమ్మాయి కుడి కన్ను మూసి, ఎడమ కన్నుకు మొదలుపెట్టింది.

కిర్రుమంది. టిక్కు లేదు. మళ్లీ కిర్రుమంది. అల్లుడు నేల చూపులు చూస్తున్నాడు. కిర్రు, కిర్రు, కిర్రు. ఎక్కడో ఒక టిక్కు వినబడింది, ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆయన ఆకాశంలో ఎడమవైపంతా ఒక్కొక్క చుక్కే వచ్చిపోతోంది, ఆయన మీట పట్టుకుని నిజాయితీగా కూర్చున్నారు. అరిచి మరీ నేనే కూర్చోబెట్టాను అలా. ఏమండీ, శబ్దం వినబడుతోందిగా, అబద్ధమైనా సరే ఒక్కసారి నొక్కండి అన్న మాట నా నోటిదాకా వచ్చింది. పైట నోటికి అడ్డం పెట్టుకున్నాను. లోపల మళ్లీ కిర్రుమంది. ఆయన నొక్కలేదు.